రాత్రి బిల్డ్ ఫెయిలైతే కారణం పొద్దున్నే తేలాలి: నైట్లీలు, లైబ్రరీలు నడుపుకునే పద్ధతి

నిన్న సాయంత్రం పాసైన టెస్టులు, ఎవరూ ఒక్క లైను ముట్టుకోకపోయినా పొద్దున్నే ఫెయిలయ్యాయంటే చాలాసార్లు కారణం బయటే ఉంటుంది. మీరు వాడే ఏదో లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్), లేదా ఆ లైబ్రరీ వాడుకునే ఇంకో లైబ్రరీ, రాత్రికి రాత్రి కొత్త వెర్షన్ వదిలింది, మీ బిల్డ్ (కోడ్‌ను లైబ్రరీలతో కలిపి ప్రోగ్రామ్‌గా తయారుచేసి టెస్టులు నడిపే పని) ఎవర్నీ అడక్కుండా దాన్ని తెచ్చిపెట్టుకుంది. ఇలా ప్రతి రాత్రీ దానంతటదే తయారయ్యే బిల్డ్‌నే నైట్లీ అంటారు. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్‌లో చదువుకుంటూ ఓపెన్ సోర్స్‌లోకి వస్తున్న పిల్లలు ఎక్కువగా పట్టుకొచ్చే బాధ కూడా ఇదే, "మేమేం మార్చలేదన్నా, అయినా పోయింది" అని.

నేను చెప్పేది ఒక్కటే. ఒక బిల్డ్‌లో ఒక్కటే మారాలి. మన కోడ్ మారిన చోట లైబ్రరీలు కదలకూడదు, లైబ్రరీలు మారిన చోట మన కోడ్ కదలకూడదు. రెండూ ఒకే రాత్రి ఒకే బిల్డ్‌లో మారితే పొద్దున్న ఎర్ర గుర్తు చూసి ఎవరి కోడ్ వెతకాలో తెలియక సగం రోజు పోతుంది. కింద రాసిందంతా ఈ ఒక్క మాటను పనిలో ఎలా పెట్టాలన్నదే. పైథాన్ ఉదాహరణలు ఎక్కువ ఇస్తున్నా, మనోళ్లు ఎక్కువ వాడేది అదే కాబట్టి. జావాస్క్రిప్ట్, రస్ట్ వాళ్లకు అక్కడక్కడా చెప్తా. ప్రాజెక్ట్ ఏదంటే, తెలుగు టెక్స్ట్ మీద పనిచేసే చిన్న టూల్ అనుకోండి: పీడీఎఫ్ లోంచి తెలుగు తీస్తుంది, అక్షరాలు లెక్కపెడుతుంది, తిరిగి బొమ్మగా గీస్తుంది.

ముందు లాక్ ఫైల్

ప్రాజెక్ట్‌కు లైబ్రరీల జాబితాలు రెండు ఉండాలి. మొదటిది మనుషులు రాసేది: నాకు నమ్‌పై (లెక్కలు చేసే పైథాన్ లైబ్రరీ) కావాలి, 1.26 కంటే పాతది వద్దు, అంతే, పది పదిహేను లైన్లు. రెండోది టూల్ రాసేది, దీన్నే లాక్ ఫైల్ అంటారు: ఆ షరతులన్నీ కుదిరేలా ఏ లైబ్రరీది సరిగ్గా ఏ వెర్షన్ పెట్టాలో, వాటి కింద వచ్చేవాటితో సహా. పైథాన్ లైబ్రరీలు పెట్టే పిప్‌కు తోడుగా వాడే పిప్-టూల్స్‌లో మొదటిది రిక్వైర్‌మెంట్స్.ఇన్, రెండోది రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ. అదే పనికి యూవీ అనే టూల్ వాడేవాళ్లకు పైప్రాజెక్ట్ ఫైల్ ఒకటి, యూవీ.లాక్ ఒకటి. జావాస్క్రిప్ట్ వాళ్ల ఎన్‌పీఎంలో ప్యాకేజ్-లాక్, రస్ట్‌లో కార్గో.లాక్. రెండు జాబితాలూ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) ఉండాలి. లాక్ ఫైల్‌ను గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి, మిగతా పనంతా దీని మీదే నిలబడుతుంది.

పిప్ ఫ్రీజ్ (పెట్టుకున్న లైబ్రరీలన్నిటినీ వెర్షన్లతో రాసిచ్చే కమాండ్) కొట్టి వచ్చిందంతా రిక్వైర్‌మెంట్స్‌లో పడేయడం మన దగ్గర బాగా అలవాటు. దాంతో చిక్కేంటంటే మీరు కావాలనుకున్నవీ, వాటి వెంట వచ్చినవీ, మీ ల్యాప్‌టాప్‌లో వేరే పనికి పెట్టుకున్నవీ అన్నీ కలిసిపోతాయి. ఆర్నెల్ల తర్వాత అందులో ఒక పేరు చూసి ఇది మనకెందుకు అని అడిగితే చెప్పేవాళ్లుండరు. ఫ్రీజ్‌కు వేరే మంచి ఉపయోగం ఉంది, దాని గురించి కింద రాస్తా.

లాక్ ఫైల్ ఉన్నా దాన్ని లెక్కచేయని కమాండ్ వాడితే ఫలితం లేదు. సీఐలో (బిల్డులు, టెస్టులు దానంతటదే నడిపే సర్వర్) ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ వద్దు, ఎన్‌పీఎం సీఐ వాడండి, లాక్‌కూ ప్యాకేజ్ ఫైల్‌కూ పొంతన లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది. కార్గోకూ, యూవీకీ లాక్డ్ అనే ఫ్లాగ్ ఉంది, అది పెట్టండి. పిప్-టూల్స్‌లో జెనరేట్-హ్యాషెస్ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే ప్రతి ఫైల్‌కూ హ్యాష్ (ఫైల్ లోపలిదాన్ని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా జాబితాలోకి వస్తుంది, పిప్ దించుకున్న ఫైల్ హ్యాష్ దాంతో కలవకపోతే ఇన్‌స్టాల్ చేయదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనేవాడు బస్తా మీద రాసిన పేరు చూసి ధర కట్టడు, బస్తా విప్పి కాయ చూస్తాడు. వెర్షన్ నంబర్ అంటే బస్తా మీది రాత, హ్యాష్ అంటే లోపలి కాయ.

ఒక తేడా మాత్రం మనసులో పెట్టుకోండి. మీరు చేస్తున్నది నేరుగా వాడే అప్లికేషన్ అయితే లాక్ ఫైల్‌తోనే పని నడుస్తుంది. మీరు చేస్తున్నదే ఒక లైబ్రరీ అయితే, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ల దగ్గరికి మీ లాక్ ఫైల్ పోదు, మీరు మెటాడేటాలో (ప్యాకేజీ వివరాల్లో) రాసిన షరతులే పోతాయి. అక్కడ ఖచ్చితమైన వెర్షన్ రాసి బిగిస్తే, అదే లైబ్రరీ ఇంకో వెర్షన్‌లో కావాల్సినవాళ్లు మీ ప్యాకేజీని వాడుకోలేరు. కింది హద్దు (ఇంతకంటే పాత వెర్షన్ వద్దని) రాయండి, ఆ కింది హద్దు నిజంగా పనిచేస్తుందో లేదో వారానికోసారి టెస్ట్ చేయండి. యూవీలో రెజల్యూషన్ ఆప్షన్‌కు లోయెస్ట్-డైరెక్ట్ అని ఇస్తే మీరు రాసిన షరతులకు సరిపోయే అన్నిటికన్నా పాత వెర్షన్లు తెచ్చి పెడుతుంది. ఈ టెస్ట్ మొదటిసారి నడిపినప్పుడు ఫెయిలయ్యే ప్రాజెక్టులే ఎక్కువ, ఎందుకంటే కింది హద్దును చాలామంది అంచనాగా రాసి వదిలేస్తారు.

పై హద్దు (ఇంతకంటే కొత్త వెర్షన్ వద్దనడం) సంగతి కొంచెం కష్టం. మూడు అంకెల వెర్షన్ నంబర్‌లో మొదటి అంకె మారితే పాత కోడ్ పనిచేయకపోవచ్చు, రెండోది మారితే కొత్త సౌకర్యం, మూడోది మారితే మరమ్మతు మాత్రమే అని సెమాంటిక్ వెర్షనింగ్ చెబుతుంది. అది రాసేవాళ్ల మాట మాత్రమే, దాన్ని యంత్రమేమీ తనిఖీ చేయదు. నమ్‌పై 2.0 వచ్చింది 2024 జూన్‌లో, 2006 తర్వాత అదే వాళ్ల మొదటి పెద్ద వెర్షన్. నమ్‌పై 1 మీద కంపైల్ చేసిన ఎక్స్‌టెన్షన్లు 2.0 మీద నడవలేదు, మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. ముందుగానే నైట్లీలతో టెస్ట్ చేసుకున్న ప్రాజెక్టులకు అది ఎదురుచూసిన మార్పు, చేసుకోనివాళ్లకు ఒకరోజు హఠాత్తుగా మీద పడ్డ పరేషాన్.

రాత్రి రెండు బిల్డులు, ఒకటి కాదు

రాత్రి నడిపే పనిని రెండుగా విడగొట్టండి. మొదటిదాన్ని బిగింపు బిల్డ్ అందాం. మెయిన్ బ్రాంచ్‌లో ఆ రోజు చేరిన మన కోడ్, లాక్ ఫైల్‌లో ఉన్న లైబ్రరీలు, అవే వెర్షన్లు, అవే హ్యాష్‌లు. రెండోది వదులు బిల్డ్. అదే కమిట్ (గిట్‌లో నమోదైన కోడ్ స్థితి), కానీ లాక్‌ను పక్కనపెట్టి, మన షరతులు ఒప్పుకునే అన్నిటికన్నా కొత్త వెర్షన్లు తెచ్చుకుని నడుస్తుంది. జనానికి నైట్లీ అని ఇచ్చేది బిగింపు బిల్డ్‌నే. వదులు బిల్డ్ నుంచి ఏదీ బయటికి పోకూడదు, దాని పని కబురు చెప్పడం వరకే.

పొద్దున లేచి చూస్తే రెండూ పాసైతే గొడవే లేదు. రెండూ ఫెయిలైతే నిన్న మన కోడ్‌లో చేరినవాటిని చూడాలి. బిగింపు పాసై వదులు ఫెయిలైతే బయట ఏదో మారింది, మీ సహాయకుల మీద అరవాల్సిన పనిలేదు, వాడుకునేవాళ్లకు ఇంకా ఏమీ కాలేదు, తీరిగ్గా చూసుకోవచ్చు. బిగింపు ఫెయిలై వదులు పాసైతే మాత్రం ఎవరో తన ల్యాప్‌టాప్‌లోని కొత్త వెర్షన్ చూసి కోడ్ రాశారు, లాక్‌ను పెంచలేదు. ఇక ఎవరూ కమిట్ చేయని రాత్రి బిగింపు బిల్డ్ ఫెయిలైతే, లాక్ ఫైల్‌కు కనపడని లైబ్రరీ ఏదో మీ కింద ఉన్నట్టు. తెలుగు మీద పనిచేసేవాళ్లకు ఇది తరచూ వచ్చేదే, దాని గురించి వేరుగా రాశాను.

కొత్త వెర్షన్లంటే విడుదలైనవి మాత్రమే చూస్తే చాలా, ఇంకా విడుదల కానివి కూడా చూడాలా? నమ్‌పై, సైపై, పాండాస్ లాంటి పెద్ద సైంటిఫిక్ లైబ్రరీల మీద నేరుగా ఆధారపడితే చూడాలి. వాటి నైట్లీ వీల్స్ (పెట్టుకోవడానికి సిద్ధంగా కట్టిన ప్యాకేజీ ఫైళ్లు) అన్నీ ఒకేచోట, అనకొండ సైట్‌లో సైంటిఫిక్ పైథాన్ నైట్లీ వీల్స్ అన్న పేరుతో దొరుకుతాయి. వారానికోసారి వాటి మీద నడిపితే చిన్న ప్రాజెక్ట్‌కు సరిపోతుంది. మిగతా లైబ్రరీల విషయంలో విడుదలైనవి చాలు, ముగ్గురు నలుగురు నడిపే ప్రాజెక్ట్‌లో ప్రతి రాత్రీ అందరి అభివృద్ధి కోడ్ మీద టెస్ట్ చేస్తూ కూర్చుంటే మన పని సాగదు.

రస్ట్ వాళ్లకు ఒక మాట. స్టేబుల్ ఆరు వారాలకోసారి వస్తుంది, నైట్లీ ప్రతి రాత్రీ వస్తుంది, కొన్ని సౌకర్యాలు నైట్లీలోనే ఉంటాయి కాబట్టి చాలామంది దాన్ని పెట్టుకుంటారు. తప్పేం లేదు, కానీ రస్ట్-టూల్‌చెయిన్ ఫైల్‌లో ఊకే నైట్లీ అని రాయకుండా తేదీతో సహా రాయండి. తేదీ లేకపోతే మీ కంపైలరే మీకు చెప్పకుండా మారుతుంది.

ఎప్పుడు నడపాలి, కబురు ఎవరికి రావాలి

గిట్‌హబ్ యాక్షన్స్‌లో (కోడ్ దాచే గిట్‌హబ్ సైట్ ఇచ్చే సీఐ) క్రాన్ టైం, అంటే పని మొదలవ్వాల్సిన వేళ, మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాయాలి. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందున్నాం. 47 19 * * * అని రాస్తే మనకు రాత్రి 1:17కు మొదలవుతుంది. గంట కొట్టగానే నడిచేలా సున్నా నిమిషం పెట్టకండి, ప్రపంచంలో సగం మంది అదే పెడతారు, ఆ సమయంలో క్యూ పెరిగి మీది ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు నడవకుండానే పోతుంది. ఇంకోటి, మనకు పదిహేనో తేదీ తెల్లవారుజామున నడిచిన బిల్డ్ యూటీసీ లెక్కలో పద్నాలుగో తేదీదే. బిల్డ్ పేరులో తేదీ వేస్తారు కాబట్టి యూటీసీ తేదీ వాడతామని రీడ్‌మీలో ఒక లైను రాసిపెట్టండి, లేకపోతే బగ్ రిపోర్ట్ పెట్టినవాళ్లకూ మీకూ ఒక రోజు తేడాతో వాదన నడుస్తుంది.

కాలేజీ వాళ్లు నడిపే ప్రాజెక్టులను నిజంగా దెబ్బతీసే విషయాలు ఇంకో రెండున్నాయి, టెక్నికల్‌గా చిన్నవే. పబ్లిక్ రిపోజిటరీలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూల్ పెట్టిన వర్క్‌ఫ్లోలను (సీఐలో నడిచే పనుల వరసలను) ఆపేస్తుంది. సెమిస్టర్ పరీక్షలు, ఆ వెంటనే ఎండాకాలం సెలవులు వస్తే 60 రోజులు ఇట్టే గడిచిపోతాయి, తిరిగొచ్చాక నైట్లీ నడుస్తూనే ఉందన్న నమ్మకంతో పనిచేస్తారు, అది ఆగి నెల దాటి ఉంటుంది. సెలవుల తర్వాత మొదటి పని యాక్షన్స్ పేజీ తెరిచి చివరి రన్ తేదీ చూడటం. రెండోది, షెడ్యూల్ బిల్డ్ ఫెయిలైన కబురు వెళ్లేది ఆ క్రాన్ లైనును చివరగా మార్చినవాళ్లకు. ఆ లైను రాసిన సీనియర్ ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతే కబుర్లన్నీ అక్కడికే పోతుంటాయి, ఇక్కడ ఒక్కరికీ తెలియదు.

అందుకే మెయిల్ మీద ఆధారపడొద్దు. బిల్డ్ ఫెయిలైతే రిపోజిటరీలోనే ఒక ఇష్యూ (తప్పును చర్చించే పేజీ) తెరిచేలా పెట్టండి. ప్రతి రాత్రీ కొత్త ఇష్యూ కాదు, తెరిచి ఉన్నది ఉంటే దాని కిందే ఆ రాత్రి ఫలితం చేర్చాలి, పాసైన రాత్రి దాన్నే మూసేయాలి. వారానికొకరు ఆ ఇష్యూ చూసేలా వంతులు వేసుకోండి. వాళ్లే సరిచేయాలని కాదు, కారణం ఏ వైపుదో తేల్చి సంబంధం ఉన్నవాళ్లకు అప్పగిస్తే చాలు. వరసగా రెండు రాత్రులు ఎర్రగా ఉంటే మూడో రాత్రికి ఏదో ఒక నిర్ణయం జరగాలి, సరిచేయడమో, ఆ వెర్షన్‌ను తాత్కాలికంగా వద్దనడమో. వారం పాటు ఎర్రగా ఉన్న బిల్డ్‌ను ఎవరూ చూడరు, ఆ వారంలో చేరిన ఇంకో నాలుగు తప్పులు దాని వెనక దాక్కుంటాయి.

లాక్ ఫైల్‌కు కనపడని లైబ్రరీలు

తెలుగు టూల్స్ చేసేవాళ్లు ఈ భాగం నిదానంగా చదవాలి, బయటి గైడ్లలో ఇది దాదాపు దొరకదు.

తెలుగు అక్షరాన్ని తెరమీద పెట్టేది మీ పైథాన్ లైబ్రరీ ఒక్కటే కాదు. ఒత్తులు, గుణింతాలు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది హార్ఫ్‌బజ్, ఆ ఆకారాన్ని చుక్కలుగా మార్చేది ఫ్రీటైప్, పదాన్ని అక్షరాలుగా విడగొట్టేది చాలాచోట్ల ఐసీయూ. ఇవి ఉబుంటు ప్యాకేజీలుగా వస్తే పిప్ ఫ్రీజ్‌లో కనపడవు. వర్క్‌ఫ్లోలో ఉబుంటు-లేటెస్ట్ అని రాసి ఉంటే, గిట్‌హబ్ ఆ పేరును 22.04 నుంచి 24.04కు మార్చినట్టు మార్చిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా మారిపోతాయి, మీ లాక్ ఫైల్‌లో ఒక్క అక్షరం కూడా కదలదు. అందుకని ఉబుంటు-24.04 అని నంబర్‌తో రాయండి. డాకర్ (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సిన సిస్టమ్‌తో సహా ఇమేజ్‌గా కట్టే టూల్) వాడితే లేటెస్ట్ అన్న ట్యాగ్ కాకుండా ఇమేజ్ డైజెస్ట్ (ఆ ఇమేజ్ హ్యాష్) రాయండి. ప్రతి బిల్డ్‌లో సిస్టమ్ ప్యాకేజీల జాబితాను కూడా ఫైల్‌గా దాచండి, డీప్యాకేజ్ టూల్ ఒక్క కమాండ్‌తో ఇస్తుంది.

భాషకు సంబంధించిన మార్పులు ఇంకా లోతుగా ఉంటాయి. యూనికోడ్ 15.1, 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, అందులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని ఒకే యూనిట్‌గా లెక్కించే నియమం చేర్చారు. "అక్షరం" అన్న మాటను పాత నియమంతో విడగొడితే అ, క్, ష, రం అని నాలుగు ముక్కలు. కొత్త నియమంతో అ, క్ష, రం, మూడే. మీ టూల్ అక్షరాలు లెక్కపెట్టేదైతే, మీరు వాడే లైబ్రరీ ఏ యూనికోడ్ వెర్షన్‌ను పాటిస్తుందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది, ఎర్రర్ రాదు, సంఖ్య మాత్రం వేరే వస్తుంది. పైథాన్ వెర్షన్‌తో కూడా ఇలాగే. నకార పొల్లు (పొల్లు న్‌కు పాత రూపం) యూనికోడ్‌లో 2021లో, 14.0తో చేరింది. పైథాన్ 3.10 లోపల ఉన్నది యూనికోడ్ 13.0, 3.11 లోపల ఉన్నది 14.0. ఆ గుర్తు పేరు అడిగితే 3.11 చెబుతుంది, 3.10 అలాంటిది లేదంటూ ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి పైథాన్ వెర్షన్ కూడా మీ లైబ్రరీల జాబితాలో ఒకటే అనుకోండి, దాన్ని కూడా రాసి బిగించండి.

దీనికి తగ్గ టెస్టులు రాయకపోతే బిల్డ్ పాసైనా లాభం లేదు. ఇంగ్లిష్ పదాలతో రాసిన టెస్టులు వీటిలో దేన్నీ పట్టుకోవు. ఒక ఫైల్‌లో కొన్ని మాటలు పెట్టుకోండి: స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి, మన జిల్లాల పేర్లు జగిత్యాల, మంచిర్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల. "పార్క్‌లో" అన్న మాటను మధ్యలో విడదీసే గుర్తుతో ఒకసారి, అది లేకుండా ఒకసారి పెట్టండి, టెక్స్ట్‌ను శుభ్రం చేసే లైబ్రరీలు కొన్ని కంటికి కనపడని ఆ గుర్తును తీసేస్తాయి, అప్పుడు ర కింద కావత్తుతో పాటు లావత్తు కూడా పడి మాట రూపమే మారిపోతుంది. జ్ఞా తప్పనిసరిగా ఉండాలి. 2018 ఫిబ్రవరిలో ఆ అక్షరం ఒక వరసలో వచ్చిన మెసేజ్ చూపించబోయి ఐఫోన్లలో యాప్‌లు పడిపోయాయి, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అంత పెద్ద కంపెనీ విడుదలలోకే దూరిన తప్పు మన చిన్న టూల్‌లో రాదని ఎలా అనుకుంటాం?

గీసిన బొమ్మలను చుక్క చుక్కా పోల్చే టెస్ట్ వద్దు, ఫ్రీటైప్ అంచులు కాస్త నునుపు చేసినా ఫెయిలవుతుంది. హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బీ-షేప్ టూల్‌కు మాటను, ఫాంట్‌ను ఇస్తే ఏ గ్లిఫ్ (ఫాంట్‌లోని ఆకారం) ఏ స్థానంలో అన్నది టెక్స్ట్‌గా రాసిస్తుంది, దాన్ని దాచి పోల్చండి. ఫాంట్ మారితే గ్లిఫ్ నంబర్లు కూడా మారతాయి, కాబట్టి ఫాంట్ ఫైల్‌ను రిపోజిటరీలోనే ఉంచండి. నోటో సాన్స్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వస్తుంది, లైసెన్స్ ఫైల్‌ను పక్కన పెట్టి పంచుకోవచ్చు.

ఫెయిలైనప్పుడు వెతికే తీరు

ఇక్కడే ఫ్రీజ్ పనికొస్తుంది. ప్రతి రాత్రీ, పాసైనా ఫెయిలైనా, వదులు బిల్డ్ చివర పిప్ ఫ్రీజ్ ఫలితాన్ని ఆర్టిఫాక్ట్‌గా (బిల్డ్ వెంట దాచే ఫైల్‌గా) దాచండి. చివరగా పాసైన రాత్రి ఫైల్, మొదట ఫెయిలైన రాత్రి ఫైల్ తెరిచి డిఫ్ (రెండిటి తేడా) చూడండి. మారిన పేర్లు ఒకటో రెండో అయితే అయిపోయినట్టే. పది పన్నెండు ఉంటే సగం పాతవి సగం కొత్తవి పెట్టి నడపండి, తప్పు ఏ సగంలో ఉందో చూసి ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. పన్నెండు లైబ్రరీలైనా నాలుగు రన్లలో దొరుకుతుంది. కొన్ని కలిసే మారాలి కాబట్టి అచ్చంగా సగం కుదరదు, ఆ జంటలను ఒకే వైపు పెట్టండి.

తప్పు మన కోడ్‌దైతే గిట్ బైసెక్ట్ ఇదే పని చేస్తుంది, వెయ్యి కమిట్లున్నా పది మెట్లలో తేలుస్తుంది. బైసెక్ట్ రన్‌కు టెస్ట్ స్క్రిప్ట్ ఇస్తే మీరు పక్కన కూర్చోవాల్సిన పని కూడా లేదు. కంపైల్ కాని కమిట్ దగ్గర స్క్రిప్ట్ 125 అన్న కోడ్‌తో బయటికొస్తే దాన్ని దాటేస్తుంది. ఫైర్‌ఫాక్స్ నైట్లీల మీద ఇలా వెతకడానికి మోజ్‌రిగ్రెషన్ అని ప్రత్యేకంగా టూల్ ఉంది, రస్ట్ కంపైలర్‌కు కార్గో-బైసెక్ట్-రస్ట్‌సీ ఉంది. దోషం బ్రౌజర్‌దో కంపైలర్‌దో అని అనుమానం ఉంటే వాటితో ఏ రాత్రి చెడిందో కనుక్కుని వాళ్లకు రిపోర్ట్ చేయండి.

రిపోర్ట్ చేయడమన్నది గట్టిగా చెప్తున్నా. వదులు బిల్డ్‌లో తప్పు పట్టుకుని, పై హద్దు ఒకటి రాసి, మన పని అయిపోయిందని వెళ్లిపోవద్దు. హద్దు రాసిన లైను పక్కనే ఎందుకు రాశారో, అవతలి ప్రాజెక్ట్ ఇష్యూ నంబర్ ఏమిటో కామెంట్‌గా పెట్టండి. తెలుగు తెలిసినవాళ్లు ఆ లైబ్రరీ టీమ్‌లో ఎవరూ లేకపోవచ్చు, మీరు చెప్పకపోతే రాష్ట్రం అన్న మాట విరిగిందని వాళ్లకు తెలిసే దారే లేదు. ఏ మాట, ఏ ఫాంట్, ఏ వెర్షన్లో సరిగ్గా వచ్చింది, ఏ వెర్షన్లో చెడింది, ఈ నాలుగూ రాసి సరైన రూపం బొమ్మ జతచేస్తే, భాష తెలియనివాళ్లు కూడా సరిచేయగలరు.

కొత్త కోడ్‌ను ఎంత నమ్మాలి

వదులు బిల్డ్ అంటే ఎవరూ చదవని కోడ్‌ను ప్రతి రాత్రీ నడపడం. 2022 డిసెంబర్ 25 నుంచి 30 మధ్య పైటార్చ్ (మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ) నైట్లీని లైనక్స్‌లో పిప్‌తో పెట్టుకున్నవాళ్లకు జరిగింది చూడండి. పైటార్చ్ వాళ్ల సొంత ఇండెక్స్‌లో (ప్యాకేజీలు దించుకునే చోటు) టార్చ్‌ట్రైటన్ అనే ప్యాకేజీ ఉండేది, అదే పేరుతో ఎవరో పైపీఐలో (ఎవరైనా పైథాన్ ప్యాకేజీలు పెట్టగల పబ్లిక్ ఇండెక్స్) ఇంకోటి పెట్టారు, పిప్ పైపీఐలోదాన్నే తెచ్చుకుంది. అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ఎస్‌ఎస్‌హెచ్ కీలు (దూరపు సర్వర్లలోకి లాగిన్ అయ్యే తాళంచెవులు), హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లు చదివి బయటికి పంపింది. అప్పట్లో స్టేబుల్ వాడినవాళ్లకు ఏమీ కాలేదు.

కాబట్టి వదులు బిల్డ్‌కు ఏ సీక్రెట్ అందుబాటులో ఉండకూడదు, పైపీఐ టోకెన్ గానీ సర్వర్ పాస్‌వర్డ్ గానీ. గిట్‌హబ్ టోకెన్‌కు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి, ఇష్యూ తెరిచే పనిని వేరే జాబ్‌లో పెట్టండి. రెండో ఇండెక్స్ వాడాల్సి వస్తే, ఎక్స్‌ట్రా ఇండెక్స్ అని చేర్చి వదిలేయకుండా ఏ ప్యాకేజీ ఏ ఇండెక్స్ నుంచి రావాలో పేరుపేరునా చెప్పండి, యూవీలో ఆ సౌకర్యం ఉంది. మీ సొంత ల్యాప్‌టాప్‌లో నైట్లీలు పెట్టుకోవాలనుకుంటే కంటైనర్‌లో (మిగతా సిస్టమ్‌కు వేరుగా, డాకర్ లాంటిదాంతో నడిచేది) పెట్టుకోండి.

లాక్‌ను పెంచడానికి కూడా తొందరపడొద్దు. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు ఉందని బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని తవ్వితే దొరికింది. అది అప్పటికి లైనక్స్ రకాలైన డెబియన్, ఫెడోరాల టెస్టింగ్ వైపు చేరింది, చాలామంది వాడే స్థిరమైన విడుదలల్లోకి ఇంకా రాలేదు. కొత్త వెర్షన్ వచ్చాక వారం పది రోజులు ఆగి లాక్‌లోకి తెచ్చుకోండి, లైబ్రరీల వెర్షన్లు పెంచమని సూచించే టూల్స్‌లో, అంటే డిపెండబాట్‌లో కూల్‌డౌన్ అని, రెనొవేట్‌లో మినిమమ్ రిలీజ్ ఏజ్ అని దీనికి సెట్టింగులున్నాయి. సెక్యూరిటీ మరమ్మతులను మాత్రం ఆపకండి. 2021 డిసెంబర్ నాటి లాగ్‌4జే (జావా లైబ్రరీ) లోపం లాంటిది వస్తే ఆ రోజే పెంచాలి, లాక్ ఫైల్ ఉన్నవాళ్లకు ఆ వెర్షన్ మన దగ్గర ఉందా లేదా అన్నది ఒక్క వెతుకులాటలో తెలుస్తుంది.

ఎక్స్‌జెడ్‌లో దొంగ కోడ్‌ను నడిపించిన స్క్రిప్ట్ గిట్‌లో లేదు, విడుదల టార్‌బాల్‌లో (జనం దించుకునే కోడ్ కట్ట) మాత్రమే ఉంది. మీ విడుదలలు కూడా ఎవరి ల్యాప్‌టాప్ నుంచో కాకుండా గిట్ ట్యాగ్ (ఒక కమిట్‌కు పెట్టిన పేరు) నుంచి సీఐలోనే తయారవ్వాలి. వర్క్‌ఫ్లోలో వాడే బయటి యాక్షన్లను ట్యాగ్ పేరుతో కాక పూర్తి కమిట్ హ్యాష్‌తో రాయండి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ యాక్షన్ ట్యాగులను దాడి చేసినవాళ్లు చెడ్డ కమిట్ మీదికి మార్చారు, హ్యాష్‌తో రాసుకున్నవాళ్లు పాత మంచి కోడ్‌నే నడుపుతూ ఉండిపోయారు.

పేర్లు, పాతవి తీసేయడం

నైట్లీకి పేరు పెట్టేటప్పుడు వరస సరిగ్గా రావాలి. 0.8.0 విడుదలయ్యాక వచ్చే నైట్లీని 0.8.0.dev అని కాకుండా 0.9.0.dev20250614 అని పెట్టాలి, ఎందుకంటే పైథాన్ లెక్కలో డెవ్ వెర్షన్ అదే నంబర్ అసలు వెర్షన్ కంటే ముందుది, పిప్ దాన్ని పాతదనుకుంటుంది. ప్రీ ఫ్లాగ్ ఇవ్వనివాళ్లకు మామూలుగా డెవ్ వెర్షన్లు రావు కాబట్టి సాధారణ వినియోగదారులు తెలియక తెచ్చుకునే భయం లేదు. కమిట్ హ్యాష్‌ను ప్లస్ గుర్తుతో పేరు చివర తగిలిస్తే పైపీఐ తీసుకోదు, దాన్ని టూల్ లోపల వెర్షన్ కమాండ్‌లో చూపించండి.

కాలేజీ ల్యాబ్‌లో వర్క్‌షాప్ పెట్టేటప్పుడు ముందురోజే పాసైన ఒక నైట్లీ ఎంచుకుని, దాని లాక్ ఫైల్‌తో పిప్ డౌన్‌లోడ్ కొట్టి వీల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లో దించుకోండి. ల్యాబ్ సిస్టమ్‌లలో నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఆప్షన్లతో ఆ ఫోల్డర్ నుంచే పెట్టుకుంటే నెట్ లేకపోయినా పని నడుస్తుంది, అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉంటుంది. దించే సిస్టమ్, పెట్టే సిస్టమ్ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే పైథాన్ వెర్షన్ అయి ఉండాలి, లేకపోతే వీల్స్ సరిపోవు.

పాత నైట్లీలను రెండు వారాలవి ఉంచి మిగతావి తీసేయండి, వాటిని ఎవరూ వాడరు, పైగా అందులోని పాత లైబ్రరీల తప్పులు మీ పేరు మీద తిరుగుతుంటాయి. ఫ్రీజ్ ఫైళ్లు, సిస్టమ్ ప్యాకేజీల జాబితాలు మాత్రం తీసేయొద్దు. గిట్‌హబ్ ఆర్టిఫాక్టులు మామూలుగా 90 రోజులకు పోతాయి, కాబట్టి వాటిని తేదీల వారీగా ఒక వేరే బ్రాంచ్‌లోకి కమిట్ చేసే చిన్న జాబ్ పెట్టుకోండి, దానికి మాత్రం రాసే అనుమతి కావాలి, అందుకే అది వదులు బిల్డ్‌తో కలవకుండా విడిగా, ఆ ఫైళ్లను టెక్స్ట్‌గా మాత్రమే తీసుకునేలా ఉండాలి.